పచ్చకామెర్లు కంటికా, మనసుకా?

ఈ వారం ఒకే ఒక ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. రాసినవారు ఒకరే అయినా, చదివేవారిలో చాలామంది తమ ఇంటి సంగతే అనుకుంటారు. అందుకని స్థలమంతా దీనికే కేటాయించాను. ఉత్తరాన్ని కొంచెం కుదించి ఇస్తున్నాను.

"డాక్టరుగారూ, నా వయసు 54. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మా నాన్నగారి కాలం నుంచి వున్న ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఎల్లిపాయల దుకాణం నాది. రెండేళ్ళుగా తలనొప్పి, ఛాతీలో మంట. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. రోజూ ఒకటో రెండో తలనొప్పి బిళ్ళలు వేసుకుంటున్నాను. బేరాలు మునుపటిలా లేవు. వచ్చిన నలుగురూ గడ్డ గడ్డనూ పిసికి చూస్తుంటే ఒళ్ళు మండిపోతుంది. ఎదురు దుకాణం ఆయనకూ ఇదే గతి. అయినా పొద్దస్తమానం నవ్వుతూనే వుంటాడు. ఆయన్ని చూస్తే ఇంకా మంట. మొన్న సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి, ఆడుకుంటున్న నాలుగేళ్ళ మనవరాలు బొమ్మ తీసుకుని లోపలి గదిలోకి పోయింది. పిలిచినా రాలేదు. ఏమిటని మా ఆవిడను అడిగితే, 'మీరొస్తే మేమందరం అట్లాగే పోతాం. మేము పైకి కనిపించనివ్వం, దానికి దాచుకోవడం తెలియదు, అంతే' అంది. ఆ రాత్రంతా నిద్ర లేదు. నా స్వభావమే ఇంత. మనిషి స్వభావం మారుతుందా? దీనికి మందేమైనా వుందా?"

అయ్యా, మీ ఉత్తరంలో జబ్బుల గురించి ఎన్నో వరుసలున్నాయి. మీ మనవరాలి గురించి నాలుగే వరుసలున్నాయి. కాని మీచేత కలం పట్టించింది ఆ నాలుగు వరుసలే. అది మంచి లక్షణం. బాధ ఎక్కడ వుందో తెలిసిన రోగికి సగం వైద్యం అయినట్లే.

ముందు శరీరం సంగతి

స్వభావం గురించి మాట్లాడే ముందు చేయవలసిన పనులు కొన్ని వున్నాయి. 54 ఏళ్ళ మనిషికి ఛాతీలో మంట అంటే అది ఎప్పుడూ కడుపు మంటే కానక్కరలేదు. గుండె జబ్బు కూడా అదే వేషంలో రావచ్చు. కనుక ఈ వారంలోనే డాక్టరును కలిసి ఇ.సి.జి. తీయించుకోండి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఆ మంట ఎక్కువవుతున్నా, చెమట పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకుతున్నా ఒక్క గంట కూడా ఆగవద్దు. ఆస్పత్రికి వెళ్ళండి.

రక్తపోటు చూపించుకోండి. దుకాణం నుంచి పరుగున వెళ్ళి చూపించుకుంటే లెక్క తప్పుతుంది. అయిదు నిమిషాలు కూర్చుని, స్థిమితపడిన తర్వాత చూపించుకోవాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 గాని, అంతకు మించి గాని వుంటే అది రక్తపోటే. రక్తంలో చక్కెర, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించండి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే మనిషికి చిరాకు, నిద్రలేమి, గుండెదడ వుంటాయి. అతన్ని ఇంటిల్లిపాదీ కోపిష్టి అంటారు. తప్పు అతనిది కాదు, గొంతు దగ్గరున్న ఆ గ్రంథిది.

ఇక ఆ తలనొప్పి బిళ్ళలు. వాటిని రోజూ మింగడం మానండి. నొప్పి తగ్గించే బిళ్ళల్లో చాలా రకాలు కడుపులో మంట పుట్టిస్తాయి, రక్తపోటు పెంచుతాయి. పైగా నెలలో సగం రోజులు వాటిని వాడేవారికి ఆ బిళ్ళల వల్లనే తలనొప్పి వస్తుంది. తలనొప్పి కోసం బిళ్ళ, బిళ్ళ వల్ల మళ్ళీ తలనొప్పి! ఏ బిళ్ళ మానాలో, ఎలా మానాలో మీ డాక్టరు చెబుతారు.

సామెతలో తప్పు, సామెతలో నిజం

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన సామెత. వైద్యరీత్యా ఇది నిజం కాదు. కామెర్లు వచ్చినవాడికి లోకం మామూలుగానే కనిపిస్తుంది. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరగడం వల్ల అతని కళ్ళే ఇతరులకు పచ్చగా కనిపిస్తాయి. చాలాసార్లు రోగికి ఆ సంగతి తెలియదు. భార్యో, పక్కింటివారో చూసి, "ఏమిటి, కళ్ళు పచ్చబడ్డాయి?" అంటే అప్పుడు అద్దంలో చూసుకుంటాడు.

మనసుకు వచ్చే కామెర్లూ అంతే. వచ్చినవాడికి తెలియదు, చుట్టూ వున్నవారికి తెలుస్తుంది. మీ విషయంలో దాన్ని కనిపెట్టిన వైద్యురాలికి నాలుగేళ్ళు.

ఒక గడ్డ, ముగ్గురు వ్యాపారులు

మీ మార్కెట్ నాకు పరిచయమే. రైల్వే స్టేషన్ దిగి, సంచీ పట్టుకుని ఆ సందుల్లో తిరిగిన రోజులు చాలా వున్నాయి. మొన్న మీ ఉత్తరం చదివాక ఒక ఉదయం మళ్ళీ వెళ్ళాను. కొత్తిమీర కట్టలు, ఆకుల మీద చల్లిన నీళ్ళు, కాలి కింద తొక్కులు, మోపెడ్ల హారన్లు అన్నీ అలాగే వున్నాయి. 1826లో కట్టిన పాత జైలు భవనం కూడా అక్కడే వుంది. చుట్టూ బజారే.

ఒక గంటసేపు నిలబడి చూశాను. కొనడానికి వచ్చిన మనిషి గడ్డ పిసికి చూడటం ప్రతి దుకాణం ముందూ జరుగుతూనే వుంది. ఒకాయన, "కొంటే కొను, పిసకకు" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. ఇంకొకాయన పట్టించుకోలేదు. మూడో దుకాణంలో ఒక ముసలామె, "అది కాదు బిడ్డా, ఇది చూడు, గట్టిగున్నది" అని తనే ఏరి ఇచ్చింది. ఆమె కిలో అడిగింది, కిలోన్నర తీసుకుంది.

గడ్డ ఒక్కటే, పిసకడం ఒక్కటే. తేడా ఎక్కడ వచ్చింది? మొదటి ఆయన మనసులో, "నా సరుకు మీద నమ్మకం లేదు, నన్ను దొంగననుకుంటోంది" అనే ఆలోచన మెరిసి వుంటుంది. ముసలామె మనసులో, "పాపం, ఇంట్లో కుళ్ళింది పడితే తిట్లు తింటుంది" అనే ఆలోచన వచ్చి వుంటుంది. సంఘటనకూ కోపానికీ మధ్య ఒక ఆలోచన వుంది. అది క్షణంలో వచ్చిపోతుంది. అందుకని మనకు కనిపించదు. గడ్డ పిసికింది కనుక కోపం వచ్చిందనుకుంటాం.

మనుషులను కలతపెట్టేవి సంఘటనలు కావనీ, వాటి గురించి మనం చేసుకునే నిర్ణయాలనీ రెండువేల ఏళ్ళనాడు ఎపిక్టెటస్ అనే గ్రీకు తాత్వికుడు బోధించాడు. ఆయన బానిసగా బతికినవాడు. సుఖంగా కూర్చుని చెప్పిన మాట కాదది. 1960 ప్రాంతాల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఇదే సంగతిని రోగుల్లో గమనించి, ఆ మధ్య ఆలోచనను పట్టుకుని సరిచూసే చికిత్సను రూపొందించాడు. ఇవాళ దిగులు, ఆందోళన, కోపం వంటి బాధలకు ప్రపంచమంతా వాడుతున్న మాటల వైద్యంలో ఇదే ముఖ్యమైనది. ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు. అభ్యాసం వుంది.

కోపం ఒంట్లో చేసే పని

కోపం వచ్చినప్పుడు మూత్రపిండాల పైన టోపీల్లా వుండే ఎడ్రినల్ గ్రంథులు రక్తంలోకి తమ స్రావాలను వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది. కండరాలు ముడుచుకుంటాయి. మెడ కండరాలు గంటల తరబడి అలాగే వుంటే తలనొప్పి. ఇదంతా పులి ఎదురైతే పారిపోవడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు. పులి రోజుకొకసారి రాదు. మార్కెట్‌లో గిరాకీ రోజుకు వందసార్లు వస్తుంది. ఒక్కొక్కరినీ పులి అనుకుంటే ఆ గుండె ఏం కావాలి?

శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనే ఇద్దరు గుండె వైద్యులు 1959లో ఒక పరిశోధన ప్రకటించారు. ఎప్పుడూ తొందరపడుతూ, పోటీపడుతూ, చిరచిరలాడే మనుషులకు గుండె జబ్బులు ఎక్కువని అన్నారు. తర్వాతి పరిశోధనలు ఆ మాటను పూర్తిగా బలపరచలేదు. తొందర, కష్టపడి పనిచేయడం అంత చేటు కావు. ఎదుటివారందరినీ అనుమానంతో, పగతో చూసే తత్వమే ఎక్కువ చేటు చేస్తుందని తేలింది. బాగా కోపం వచ్చిన తర్వాత రెండు గంటలపాటు గుండెపోటు వచ్చే అవకాశం మామూలు కంటె ఎక్కువని కూడా తెలిసింది. కనుక కష్టపడండి, తొందరపడండి, తప్పులేదు. పగ మాత్రం మానండి.

ఇంట్లో తిరిగే గానుగ

బజారులో దిగమింగిన కోపం ఎక్కడికి పోతుంది? అత్త మీద కోపం దుత్త మీద తీరుతుంది. మీరు ఇంట్లో కసురుకుంటారు. మీ ఆవిడ మాట తగ్గిస్తుంది. ఆమె మౌనం చూసి, "ఈ ఇంట్లో నేనంటే ఎవరికీ లక్ష్యం లేదు" అనుకుంటారు. ఆ బాధతో ఇంకా గట్టిగా కసురుకుంటారు. ఆమె ఇంకా ముడుచుకుంటుంది. ఈ గానుగ ఎన్నేళ్ళు తిరిగినా నూనె మాత్రం రాదు.

భార్యాభర్తలు మాట్లాడుకునే తీరును ఏళ్ళ తరబడి గమనించిన గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక లెక్క చెప్పాడు. తగువు నడుస్తున్నప్పుడు కూడా ఒక చేదు మాటకు అయిదు మంచి మాటలు వున్న కాపురాలు నిలిచాయట. అన్నిటికంటె చేటు చేసేది కోపం కూడా కాదు, ఎదుటివారిని తీసిపారేసే చులకన భావమట. మీరు వ్యాపారస్తులు, లెక్క మీకే బాగా తెలుసు. ఒక అప్పుకు అయిదు జమలు. మీ ఇంటి ఖాతాలో ఇప్పుడు జమ ఎంత వుందో చూసుకోండి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు 1938లో మొదలుపెట్టిన పరిశీలన ఒకటి వుంది. 724 మంది మగవాళ్ళను యవ్వనం నుంచి ముసలితనం దాకా కనిపెట్టి చూశారు. అందులో చదువుకున్న ధనికులూ వున్నారు, బోస్టన్ నగరంలోని బీదవాడల పిల్లలూ వున్నారు. ఎనభయ్యవ ఏట ఆరోగ్యంగా వున్నవారెవరని చూస్తే, యాభయ్యవ ఏట తమవారితో సంతృప్తిగా వున్నవారని తేలింది. మీకు ఇప్పుడు 54. గడువు దాటలేదు.

నవ్వితే వ్యాపారం పెరుగుతుందా?

ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు. "టోకు వ్యాపారం బోయినపల్లి యార్డుకు తరలిపోయె. ఫోను మీద వేలు నొక్కితే సరుకు ఇంటి గడపలోకి వచ్చె. నేను నవ్వితే ఇవన్నీ వెనక్కు పోతాయా?" అని.

పోవు. నష్టాన్ని లాభమనుకోమని నేను చెప్పను. దృక్పథం మారడమంటే కళ్ళు మూసుకోవడం కాదు, కళ్ళు సరిగా తెరవడం. మీ బాధలో రెండు వాటాలు వున్నాయి. బజారు తీరు మారడం మొదటిది. అది మీ చేతిలో లేదు. దాని కోసం రాత్రి రెండింటికి లేచినా, పొద్దున్నే లేచినా ఒక్కటే. వచ్చిన గిరాకీతో మాట, సరుకు శుభ్రత, తెలిసినవారికి ఇంటికి పంపే ఏర్పాటు, ఇంటికి వెళ్ళాక మీ గొంతు, ఇవి రెండో వాటా. ఇవి మీ చేతిలో వున్నాయి. మొదటి వాటాతో పోట్లాడి అలిసిపోయినవాడికి రెండో వాటా చూసుకునే ఓపిక వుండదు. మీకు జరుగుతున్నది అదే.

ఎదురు దుకాణం ఆయన సంగతి. ఆయన నవ్వు మీకు మంట పుట్టిస్తోందన్నారు. ఆ నవ్వు వెనక ఏముందో మీకు తెలుసా? ఆయన కూడా రాత్రి రెండింటికి లేస్తున్నాడేమో! ఇద్దరికీ టీ తెప్పించి ఒకసారి అడిగి చూడండి. మీకు దగ్గరలోనే ఉజ్జయినీ మహాంకాళి గుడి వుంది. 1813లో కలరా చెలరేగినప్పుడు సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకుని, తర్వాత ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడని చెబుతారు. కలరా పోవడానికి మందు వేరు, మంచినీళ్ళు వేరు. కాని ఆ భయాన్ని జనం ఒంటరిగా భరించలేదు. అందరూ కలిసి పంచుకుంటే అది బోనాల పండుగై నిలిచింది. ఒక్కడే దాచుకున్న భయం మాత్రం పుండై కూర్చుంటుంది. మీ మార్కెట్ అంతటికీ వచ్చిన కష్టాన్ని మీరొక్కరే మోస్తున్నారు.

చీటీ రాసిస్తున్నాను

ఒకటి. చిట్టా పుస్తకం లాంటిది ఇంకొకటి పెట్టుకోండి. కోపం వచ్చిన ప్రతిసారీ అందులో మూడు ముక్కలు రాయండి. ఏం జరిగింది, అప్పుడు నేనేమనుకున్నాను, కోపం పదింటికి ఎంత. రాత్రి తీరికగా కూర్చుని నాలుగో ముక్క చేర్చండి. అది ఇంకేమై వుండవచ్చు? పదిహేను రోజులకు ఒకటే ఆలోచన పదేపదే వస్తోందని మీకే కనిపిస్తుంది. "నన్ను లెక్కచేయడం లేదు" అన్నదే ఆ ఆలోచన అని నా అనుమానం. సరిచూసి చెప్పండి.

రెండు. కోపం రాగానే జవాబు చెప్పకండి. నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. అయిదారుసార్లు చాలు. తూకం వేస్తూ కూడా చేయవచ్చు, ఎవరికీ తెలియదు.

మూడు. షట్టరు దించిన తర్వాత తిన్నగా ఇంటికి పోకండి. ఇరవై నిమిషాలు నడవండి. బజారు బజారులోనే వుండిపోవడానికి ఆ పాటి సమయం కావాలి.

నాలుగు. పొద్దున టిఫిను మానకండి. ఆకలితో వున్న మనిషి చిరాకు పడతాడు. సాయంత్రం నాలుగు దాటాక టీ వద్దు. పొగాకు, గుట్కా అలవాటుంటే అవి కడుపు మంటకూ, గుండెకూ కూడా శత్రువులు.

అయిదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మంచం మీద లెక్కలు వేయకండి. లేచి వేరే చోట కూర్చుని, నిద్ర వచ్చినప్పుడే మళ్ళీ పడుకోండి. ఫోను ముట్టుకోవద్దు.

ఆరు. మీ ఆవిడతో ఒక్క మాట చెప్పండి. "నువ్వు అన్నది నిజం. నేను ప్రయత్నిస్తున్నాను." వివరణ ఇవ్వకండి. బజారు మీద, బేరాల మీద నెట్టకండి. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఆమె ఎన్నిసార్లు విన్నదో మీకే తెలుసు.

ఈ మందు అందరికీ కాదు

మిగతా పాఠకులకు ఒక హెచ్చరిక. "నీ దృక్పథం మార్చుకో" అనే మాటను ఎవరి మీద పడితే వారి మీద విసరకండి. మొగుడు కొడుతుంటే సర్దుకుపొమ్మని ఆడపిల్లకు చెప్పడం వైద్యం కాదు, అన్యాయం. అక్కడ మారవలసింది ఆమె ఆలోచన కాదు, అతని చెయ్యి.

అలాగే, రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, తిండి నిద్ర తప్పి, ఏడుపు ముంచుకొస్తూ వుంటే అది స్వభావం కాదు, దిగులు జబ్బు. కామెర్లు వచ్చినవాణ్ణి, "కళ్ళు తెల్లగా పెట్టుకో" అనం కదా! చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా వుండవద్దు. ఇంట్లో ఎవరికైనా వెంటనే చెప్పండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు, 14416 నెంబరుకు, ఏ వేళనైనా డబ్బు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ ఆస్పత్రి పేరు చెప్పి నవ్వడం ఇకనైనా మానుకుందాం. అక్కడికి వెళ్ళి బాగుపడి ఇల్లు చేరినవారు ఎందరో వున్నారు.

స్వభావం మారుతుందా?

చివరికి మీ అసలు ప్రశ్న. కొందరు పుట్టుకతోనే తొందరగా వేడెక్కుతారు. అది కొంతవరకు వారసత్వం. కాని వేడెక్కిన తర్వాత ఏం చేస్తామన్నది నేర్చుకున్నది. మీ నాన్నగారు ఆ దుకాణంలో ఎలా మాట్లాడేవారో గుర్తు చేసుకోండి. దుకాణంతో పాటు ఆ గొంతు కూడా మీకు సంక్రమించిందేమో! నేర్చుకున్నది ఏదైనా మళ్ళీ వేరుగా నేర్చుకోవచ్చు. యాభై దాటినా నేర్చుకోవచ్చు. రాత్రికి రాత్రి కాదు. పదిసార్లలో మూడుసార్లు ఆగగలిగితే మొదటి నెలకు అది చాలు.

మీ మనవరాలి కోసం చాక్లెట్లు కొనకండి. పిల్లలు తీపి తీసుకుంటారు గాని, భయం అట్టే పెట్టుకుంటారు. రేపు సాయంత్రం ఇంటికి వెళ్ళాక పిలవకండి కూడా. కాళ్ళు కడుక్కుని, ఆమె ఆడుకునే చోటికి కొంచెం దూరంగా నేల మీద కూర్చోండి. ఉల్లిగడ్డలు నాలుగు తీసుకెళ్ళి, పొట్టు ఒలుస్తూ వుండండి. మొదటి రోజు రాదు. రెండో రోజూ రాకపోవచ్చు. మీరు మాత్రం లేవకండి.

ఏ రోజు వచ్చి పక్కన కూర్చుందో ఆ రోజు నాకు ఒక కార్డు ముక్క రాయండి. దానితో పాటు రక్తపోటు ఎంత వుందో కూడా రాయడం మరవకండి.